పెనుకొండలో ఫ్యాక్టరీ పెడితే ఉల్సాన్‌లో ఉద్యోగాలు పోతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

కార్ల కంపెనీ పరాయి దేశంలో ఫ్యాక్టరీ పెడితే సొంత దేశంలోని కార్మికుల పరిస్థితి ఏమిటి? అమెరికా, దక్షిణ కొరియా, జర్మనీలలో ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్న ఇది. మన దగ్గర దీని మీద చర్చ తక్కువ. పెనుకొండకు కియా వచ్చినప్పుడు మనకు ఎన్ని ఉద్యోగాలు వస్తాయని అడిగాం. ఆ కంపెనీ పుట్టిన చోట ఏం జరిగిందని అడిగినవాళ్లు అరుదు. అక్కడి సంగతి తెలిస్తేనే ఇక్కడి సంగతి సరిగ్గా అర్థమవుతుందని నా నమ్మకం. అందుకే హ్యుందాయ్, కియాలనే ఉదాహరణగా తీసుకుని జవాబులు రాస్తున్నాను. ఉల్సాన్ అంటే దక్షిణ కొరియాలో హ్యుందాయ్ ప్రధాన ఫ్యాక్టరీ ఉన్న నగరం.

హ్యుందాయ్, కియా వేర్వేరు కంపెనీలు కదా? కలిపి ఎందుకు చెబుతున్నారు?

1997 ఆసియా ఆర్థిక సంక్షోభంలో కియా దివాలా తీసింది. మరుసటి ఏడాది హ్యుందాయ్ దాన్ని చేజిక్కించుకుంది. పేర్లు, షోరూములు వేరైనా ఇంజన్లు, విడిభాగాలు, పెద్ద నిర్ణయాలు ఒకే గొడుగు కింద ఉంటాయి. 2022 నుంచి ఈ గ్రూపు అమ్మకాల్లో ప్రపంచంలో మూడో స్థానంలో ఉంది. 2024లో 72 లక్షలకు పైగా వాహనాలు అమ్మింది. అందులో కొరియాలో తయారైనవి సుమారు 34 లక్షలు. మిగిలిన సగానికి పైగా బయటి దేశాల ఫ్యాక్టరీల నుంచి వచ్చాయి.

ఈ విస్తరణ పాతికేళ్లలో జరిగింది. చెన్నై పక్కన శ్రీపెరంబుదూరు దగ్గరి హ్యుందాయ్ ఫ్యాక్టరీ నుంచి తొలి శాంత్రో 1998లో వచ్చింది. తర్వాత చైనా, 2005లో అమెరికాలోని అలబామా, 2006లో స్లొవేకియాలోని జిలినా, 2008లో చెక్ రిపబ్లిక్, 2009లో అమెరికాలోనే జార్జియా రాష్ట్రం, 2012లో బ్రెజిల్, 2016లో మెక్సికో. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీకి ఒప్పందం 2017 ఏప్రిల్‌లో కుదిరింది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. తొలి సెల్టోస్ 2019 ఆగస్టులో మార్కెట్లోకి వచ్చింది.

కూలి చవక కాబట్టే కదా విదేశాలకు వెళ్లేది?

అదీ ఒక కారణమే. హ్యుందాయ్, కియాలలో కొరియా ఉద్యోగి సగటు జీతం ఏడాదికి 10 కోట్ల వాన్‌లు దాటింది. మన డబ్బులో దాదాపు రూ. 60 లక్షలు. పెనుకొండలో లైను మీద నిలబడే కుర్రాడి జీతం దీనికి చాలా దూరం.

కానీ కూలి ఒక్కటే కారణమైతే అలబామాలో, జార్జియాలో ఫ్యాక్టరీలు కట్టాల్సిన పని లేదు. అమెరికాలో కూలి తక్కువేం కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో కార్మిక సంఘాల బలం తక్కువన్నది మాత్రం కంపెనీలకు కలిసొచ్చింది. రాష్ట్ర ప్రభుత్వాలు పోటీలు పడి రాయితీలు ఇచ్చాయి. వీటన్నిటికంటే పెద్ద కారణం మార్కెట్ గడప దగ్గర కట్టాల్సిన సుంకం, ఆ సుంకం రేపు ఎంతవుతుందో తెలియని భయం.

ఈ దారి వేసింది జపాన్ కంపెనీలు. 1981లో అమెరికా ఒత్తిడికి తలొగ్గి జపాన్ తన కార్ల ఎగుమతిని ఏడాదికి 16.8 లక్షలకు పరిమితం చేసుకుంది. ఆ మరుసటి ఏడాదే హోండా ఒహాయోలోని మేరీస్‌విల్‌లో కార్లు చేయడం మొదలుపెట్టింది. 1983లో నిస్సాన్ టెనెస్సీలో, 1988లో టొయోటా కెంటకీలో దిగాయి. ఓడలో రానివ్వకపోతే అక్కడే తయారు చేద్దామన్న లెక్క అది.

మన దేశం గోడ ఇంకా ఎత్తు. పూర్తిగా తయారై వచ్చే కారు మీద దిగుమతి సుంకం ఏళ్ల తరబడి దాదాపు 60 నుంచి 100 శాతం మధ్య ఉంది. అంత సుంకం కట్టి మధ్యతరగతి కారును ఇక్కడ అమ్మడం ఎవరికీ కుదరదు. దీనికి ఓడ ఖర్చు, వాన్ విలువలో ఎగుడుదిగుళ్లు తోడు.

మరి పెనుకొండ ఫ్యాక్టరీ కొరియా కార్మికుల పొట్ట కొట్టిందా?

నేరుగా అయితే లేదు. ఇలాంటి ఏ ఫ్యాక్టరీ గురించైనా ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ ఫ్యాక్టరీ కట్టకపోయి ఉంటే ఈ కారు సొంత దేశం నుంచి వచ్చి ఉండేదా? భారత్ విషయంలో రాదు. సుంకం వల్ల కొరియా నుంచి సెల్టోస్ తెచ్చి అనంతపురంలో అమ్మడం అసాధ్యం. కాబట్టి ఇక్కడ అమ్ముడైన సెల్టోస్‌లు కొరియా కార్మికుడి చేతిలోంచి లాక్కున్నవి కావు.

పైగా ఇదే సెల్టోస్ కొరియాలోని గ్వాంగ్జు ఫ్యాక్టరీలోనూ తయారవుతుంది. కొరియా వాళ్లు కొనేవి, అమెరికా వెళ్లేవి అక్కడివి. మనం కొనేవి ఇక్కడివి. ఒకే పేరున్న కారు, రెండు ఫ్యాక్టరీలు, రెండు మార్కెట్లు. గ్వాంగ్జులో ఈ కారు లైను పెనుకొండ వల్ల ఆగిపోలేదు.

అయితే జవాబును ఇక్కడితో ఆపితే అన్యాయమవుతుంది. పెనుకొండ నుంచి కార్లు పశ్చిమాసియాకు, ఆఫ్రికాకు, లాటిన్ అమెరికాకు ఎగుమతి అవుతున్నాయి. ఆ దేశాలకు కొరియా నుంచి కూడా పంపగలరు. అక్కడ మాత్రం రెండు ఫ్యాక్టరీల మధ్య పోటీ నిజమే. ఏ మార్కెట్‌కు ఏ ఫ్యాక్టరీ పంపాలో సోల్‌లోని ప్రధాన కార్యాలయం నిర్ణయిస్తుంది. గ్వాంగ్జు కార్మికుడికీ పెనుకొండ కార్మికుడికీ ఆ గదిలో చోటు లేదు. ఈ చర్చలో నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇదే. ఒకరి ముఖం ఒకరు ఎరగని ఇద్దరు కార్మికులు, తాము తీసుకోని నిర్ణయానికి పోటీదారులవుతున్నారు.

జార్జియా ఫ్యాక్టరీ సంగతి కూడా ఇలాంటిదేనా?

కాదు, పూర్తిగా వేరు. 2012లో అమల్లోకి వచ్చిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ప్రకారం 2016 నుంచి కొరియా కార్లు అమెరికాలోకి సుంకం లేకుండా వెళ్లేవి. 2024లో ఈ గ్రూపు అమెరికాలో సుమారు 17 లక్షల కార్లు అమ్మితే, అందులో 10 లక్షల దాకా కొరియా నుంచి ఓడల్లో వెళ్లినవే. ఉల్సాన్, అసాన్, హ్వాసంగ్, గ్వాంగ్జు ఫ్యాక్టరీల లైన్లు తిరగడానికి ఆ ఓడలే ఆధారం.

2025 ఏప్రిల్‌లో అమెరికా దిగుమతి కార్ల మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. తర్వాత రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరి కొరియా కార్లకు అది 15 శాతానికి తగ్గింది. సుంకం ప్రకటనకు రెండు రోజుల ముందు, మార్చి 24న, అమెరికాలో 2,100 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని హ్యుందాయ్ ప్రకటించింది. ఆగస్టులో దాన్ని 2,600 కోట్లకు పెంచింది. జార్జియాలో సవానా నగరం దగ్గర ఎలబెల్‌లో కట్టిన కొత్త ఫ్యాక్టరీని అదే మార్చి 26న ప్రారంభించారు. సామర్థ్యం 3 లక్షలు, లక్ష్యం 5 లక్షలు.

పైన చెప్పిన ప్రశ్న ఇక్కడ వేసుకోండి. ఈ ఫ్యాక్టరీ లేకపోతే ఆ కారు కొరియా నుంచి వచ్చి ఉండేదా? వచ్చి ఉండేది, నిన్నటిదాకా వస్తూనే ఉంది. ఎలబెల్‌లో తయారయ్యే ప్రతి కారూ ఉల్సాన్ రేవులో ఓడెక్కాల్సిన కారుకు బదులుగా వచ్చేదే కావచ్చు. కొరియా యూనియన్లు పెనుకొండ గురించి పెద్దగా మాట్లాడకుండా జార్జియా గురించి గట్టిగా మాట్లాడటంలో న్యాయం ఉంది.

ఇన్ని ఫ్యాక్టరీలు బయటికి వెళ్లాక కొరియాలో ఉద్యోగాలు ఎంత తగ్గాయి?

అంకెలు చూస్తే మొదట ఆశ్చర్యం కలుగుతుంది. కొరియా మొత్తం కార్ల ఉత్పత్తి 2011లో 46.6 లక్షలతో శిఖరానికి చేరింది. 2024లో 41.3 లక్షలు. పదమూడేళ్లలో తగ్గింది కానీ కుప్పకూలలేదు. హ్యుందాయ్ సొంత ఉద్యోగుల సంఖ్య కొరియాలో 70 వేలు దాటింది, పదేళ్ల కిందటి కంటే ఎక్కువే. పరిశోధన విభాగంలో కొత్తగా చేరినవాళ్లు, కాంట్రాక్టు నుంచి పర్మినెంటు అయినవాళ్లు అందులో ఉన్నారు.

దీన్ని చూపించి కంపెనీ వాదించేది ఒకటే. బయట ఫ్యాక్టరీలు పెట్టడం వల్లే కంపెనీ పెరిగింది, పెరిగింది కాబట్టే ఇంట్లో ఉద్యోగాలు నిలిచాయి. ఇందులో నిజం లేకపోలేదు. డిజైను, ఇంజను పరిశోధన, కొత్త మోడళ్ల ప్రయోగాలు ఇప్పటికీ ఎక్కువగా కొరియాలోనే జరుగుతాయి. బయట అమ్మే ప్రతి కారూ వాటి ఖర్చులో కొంత భరిస్తుంది.

కానీ ఉన్న ఉద్యోగం పోవడం వేరు, రావలసిన ఉద్యోగం రాకపోవడం వేరు. రెండో నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనబడదు. 1996లో అసాన్ ఫ్యాక్టరీ కట్టాక హ్యుందాయ్ కొరియాలో మరో కొత్త కార్ల ఫ్యాక్టరీకి పునాది వేసింది 2023 నవంబరులోనే. ఆ మధ్యలో చెన్నై నుంచి అలబామా దాకా, చెక్ రిపబ్లిక్ నుంచి బ్రెజిల్ దాకా కట్టింది. 2023లో ఫ్యాక్టరీ కార్మికులుగా 400 మందిని తీసుకుంటామని హ్యుందాయ్ ప్రకటన ఇచ్చింది. పదేళ్ల తర్వాత వచ్చిన ప్రకటన అది. దరఖాస్తుల తాకిడికి వెబ్‌సైటు స్తంభించింది.

ఉల్సాన్‌లో పుట్టి, నాన్న ఫ్యాక్టరీలో చేరదామని పెరిగిన పిల్లవాడికి ఆ పదేళ్లూ తలుపు మూసే ఉంది. అతణ్ణి ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అతని పేరు ఏ తొలగింపు జాబితాలోనూ లేదు. అందుకే అతని నష్టం గురించి ఎవరూ వార్త రాయలేదు. విదేశీ ఫ్యాక్టరీల అసలు ప్రభావం ఎక్కువగా పడేది ఇలాంటి వాళ్ల మీదే అని నా అభిప్రాయం.

కొరియా యూనియన్ దీన్ని ఎలా ఎదుర్కొంది?

ఉల్సాన్ యూనియన్ ఆసియాలోని బలమైన కార్మిక సంఘాల్లో ఒకటి. 40 వేలకు పైగా సభ్యులున్నారు. విదేశీ ఫ్యాక్టరీ వల్ల దేశంలో ఉపాధి దెబ్బతినే సందర్భంలో యూనియన్‌తో మాట్లాడాలన్న నిబంధనను అది చాలా ఏళ్ల కిందటే కంపెనీతో చేసుకునే ఒప్పందంలోకి తెచ్చుకుంది. జీతాల బేరం మీదే దృష్టంతా పెట్టే యూనియన్లకు తట్టని ఆలోచన ఇది. ఫ్యాక్టరీ ఎక్కడ కట్టాలన్నది యజమాని ఇష్టమని వదిలెయ్యకుండా, దాని ఫలితం కార్మికుడి మీద పడేచోట మాకూ మాట ఉండాలని పట్టుబట్టారు.

ఆ నిబంధన ఉన్నా కంపెనీ బయటికి వెళ్లడం ఆగలేదు. ఆగింది తొలగింపులే. విద్యుత్ కార్ల ఫ్యాక్టరీని ఉల్సాన్‌లోనే కట్టించడంలో, హ్వాసంగ్‌లో కియా కొత్త ఫ్యాక్టరీ రావడంలో యూనియన్ల ఒత్తిడి పాత్ర ఉంది. 2025 సెప్టెంబరులో, ఏడేళ్లలో తొలిసారి, హ్యుందాయ్ కార్మికులు రోజుకు కొన్ని గంటల చొప్పున మూడు రోజులు పని ఆపారు. అమెరికా సుంకాల భారం ఉన్నప్పుడే జీతం పెంపు, పదవీ విరమణ వయసు పెంపు కోసం జరిగిన సమ్మె అది.

యూనియన్‌ను పొగడుతూనే ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. ఈ రక్షణ ఎక్కువగా పర్మినెంటు వాళ్లకే దక్కింది. అదే లైను మీద, కారుకు కుడిపక్క తలుపు పర్మినెంటు ఉద్యోగి, ఎడమపక్క తలుపు కాంట్రాక్టు కార్మికుడు బిగించిన రోజులున్నాయి. జీతం మాత్రం ఒకటి కాదు. మార్కెట్ తగ్గినప్పుడు ముందు ఇంటికి వెళ్లింది కాంట్రాక్టు వాళ్లే. రెండేళ్లకు మించి ఇలా పనిచేసినవాణ్ణి కంపెనీ సొంత ఉద్యోగిగానే చూడాలని 2010లో కొరియా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పు అమలు కోసం కూడా ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. తర్వాత వేల మంది పర్మినెంటు అయ్యారు.

2025 ఆగస్టులో కొరియా పార్లమెంటు కార్మిక చట్టాన్ని సవరించింది. పని పరిస్థితుల మీద ప్రభావం చూపే యాజమాన్య నిర్ణయాల మీద కూడా కార్మికులు వివాదం లేవనెత్తవచ్చని, అసలు కంపెనీతో కాంట్రాక్టు కార్మికులు కూడా బేరమాడవచ్చని అందులో ఉంది. అమలు తేదీ 2026 మార్చి. ఫ్యాక్టరీని విదేశానికి తరలించడం ఆ నిర్ణయాల్లోకి వస్తుందా అన్నదే అక్కడి పరిశ్రమల సంఘాల ఆందోళన.

విడిభాగాల కంపెనీల మాటేమిటి?

కారు కంపెనీ ఒక్కటే ప్రయాణం కట్టదు. సీట్లు, బంపర్లు, ఉక్కు రేకుల భాగాలు చేసేవాళ్లలో పెద్దవాళ్లు వెంట వస్తారు. పెనుకొండ చుట్టుపక్కల అమ్మవారిపల్లె వైపు అలా వచ్చిన కొరియా అనుబంధ పరిశ్రమలున్నాయి. ఇంజన్లు చెన్నై పక్కన హ్యుందాయ్ ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. తమిళనాడు ఇరవై ఏళ్ల ముందు మొదలుపెట్టిన ప్రయోజనం అది. కారు బిగించే చోటి కంటే ఇంజను చేసే చోట నైపుణ్యం లోతుగా పాతుకుంటుంది. రాయలసీమకు రావలసిన తర్వాతి మెట్టు అదేనని పాలకులకు గట్టిగా చెప్పాలి.

కొరియాలో వెంట వెళ్లలేని చిన్న వర్క్‌షాపులు మిగిలిపోయాయి. ముప్పై నలభై మందితో ఒకే రకం భాగం చేసే యజమాని జార్జియాలో ఫ్యాక్టరీ పెట్టలేడు. ఆర్డరు తగ్గితే ఆయన దగ్గర పనిచేసేవాళ్లకు యూనియన్ కూడా ఉండదు.

జపాన్‌లో ఏం జరిగింది?

1990లో జపాన్ దేశంలో దాదాపు 1 కోటి 35 లక్షల వాహనాలు తయారయ్యాయి. 2024లో అది 82 లక్షలకు పడిపోయింది. జపాన్ కంపెనీలు విదేశాల్లో చేసిన వాహనాల సంఖ్య 2007లో తొలిసారి దేశంలో చేసినవాటిని దాటింది. కానీ అక్కడ జనాభా ముసలిదవుతోంది, దేశంలో కార్లు కొనేవాళ్లే తగ్గారు. ఆ పతనమంతా విదేశీ ఫ్యాక్టరీల ఖాతాలో వెయ్యకూడదు.

మన దేశపు కంపెనీ ఎప్పుడైనా ఇలా చేసిందా?

చేసింది. టాటా మోటార్స్ 2008లో 230 కోట్ల డాలర్లకు బ్రిటన్‌కు చెందిన జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ను కొన్నది. 2018లో ఆ కంపెనీ స్లొవేకియాలోని నిత్రాలో ఫ్యాక్టరీ తెరిచింది. ఇంగ్లండ్‌లోని సోలిహల్‌లో తయారవుతున్న డిస్కవరీ మోడల్‌ను అక్కడికి తరలించింది. స్లొవేకియా ప్రభుత్వం 12.5 కోట్ల యూరోల సాయం ఇచ్చింది. సోలిహల్‌లో దెబ్బతిన్నది ముందుగా ఏజెన్సీల ద్వారా పనిచేసే తాత్కాలిక కార్మికులే. ఖాళీ అయిన లైన్లను కొత్త రేంజ్ రోవర్ మోడళ్ల కోసం మార్చారు.

యజమాని మనవాడైతే కార్మికుడి బాధ మారుతుందని అనుకోవద్దు. సోలిహల్ కార్మికుడు ముంబై వైపు చూసిన చూపే, ఏదో ఒకరోజు పెనుకొండ కార్మికుడు సోల్ వైపు చూడవచ్చు.

వచ్చిన ఫ్యాక్టరీ వెళ్లిపోయే ప్రమాదం ఉందా?

ఉంది. హ్యుందాయ్ చరిత్రలోనే ఉంది. ఉత్తర అమెరికాలో ఆ కంపెనీ తొలి ఫ్యాక్టరీ కెనడాలోని బ్రొమాంట్‌లో 1989లో తెరిచారు. ప్రభుత్వ సాయం తీసుకున్నారు. కార్లు అమ్ముడుపోలేదు. 1993లో మూసేశారు. చైనాలో ఈ గ్రూపు 2016లో 18 లక్షల దాకా కార్లు అమ్మింది. మరుసటి ఏడాది రెండు దేశాల మధ్య క్షిపణి రక్షణ వ్యవస్థ గొడవ వచ్చి అమ్మకాలు కూలాయి. తర్వాత బీజింగ్‌లోని మొదటి ఫ్యాక్టరీని, చోంగ్‌చింగ్ ఫ్యాక్టరీని అమ్మేసింది. రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఫ్యాక్టరీ యుద్ధం వల్ల 2022 మార్చిలో ఆగింది. దాన్ని తిరిగి కొనుక్కునే హక్కు అట్టిపెట్టుకుని 10 వేల రూబుళ్లకు అమ్మింది. వేల మంది పనిచేసిన ఫ్యాక్టరీ ధర ఒక సెల్‌ఫోన్ ధరకు దిగింది.

మన పక్కనే చూసుకోండి. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత్‌లో కార్ల తయారీ ఆపుతున్నట్టు చెప్పింది. చెన్నై మరైమలై నగర్‌లో, గుజరాత్‌లోని సానంద్‌లో కలిపి సుమారు 4 వేల మంది మీద దెబ్బ పడింది. సానంద్ ఫ్యాక్టరీని టాటా రూ. 725.7 కోట్లకు కొని అర్హులైన ఉద్యోగులను తనతో ఉంచుకుంది. చెన్నై వాళ్లకు ఆ అదృష్టం లేదు. పరిహారం కోసం వారాల తరబడి ఆందోళన చేశారు. పుణె దగ్గర తలేగావ్‌లో జనరల్ మోటార్స్ 2020 చివర్లో తయారీ ఆపింది. ఆ ఫ్యాక్టరీని చివరికి హ్యుందాయే కొనుక్కుంది. ఇదే జనరల్ మోటార్స్ 2018లో కొరియాలోని గున్సాన్ ఫ్యాక్టరీ మూసి సుమారు 2 వేల మందిని వీధిన పడేసింది. అంటే కొరియా కూడా ఒక చేత్తో ఫ్యాక్టరీలు పంపుతూ, మరో చేత్తో తన ఊళ్లో పరాయి కంపెనీ మూతను చూసింది.

మూత ఒక్కటే కాదు, మోడల్ మళ్లింపు కూడా చూడాలి. యూరప్‌కు వెళ్లే ఐ10 కార్లు ఒకప్పుడు చెన్నై నుంచే వెళ్లేవి. 2013లో కొత్త మోడల్‌ను టర్కీలోని ఇజ్మిత్‌లో మొదలుపెట్టారు. చెన్నై ఫ్యాక్టరీ మూతపడలేదు, పేపర్లలో పెద్ద వార్తా కాలేదు.

కియా తమిళనాడుకు తరలిపోతుందని అప్పట్లో వార్తలొచ్చాయి. అవి నిజమేనా?

2020 ఫిబ్రవరిలో అలాంటి వార్త వచ్చింది. కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం వెంటనే ఖండించాయి. ఫ్యాక్టరీ ఎక్కడికీ కదల్లేదు. 2023 జులైలో అక్కడినుంచి పది లక్షలవ కారు బయటికి వచ్చింది. పూర్తయిన కార్ల ఫ్యాక్టరీని రాత్రికి రాత్రి విప్పి తీసుకుపోవడం ఎవరి వల్లా కాదు. కొత్త పెట్టుబడి, కొత్త మోడల్ మాత్రం నిశ్శబ్దంగా వేరే చోటికి వెళ్లగలవు. ప్రజలు గమనించాల్సింది వాటినే.

75 శాతం ఉద్యోగాలు స్థానికులకే అన్న చట్టం సంగతేమైంది?

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 జులైలో ఆ చట్టం చేసింది. హరియాణా చేసిన అలాంటి చట్టాన్నే 2023 నవంబరులో అక్కడి హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. చట్టం కోర్టుల్లో నిలుస్తుందా లేదా అన్నది ఒక ఎత్తు. భూమి ఇచ్చిన రైతు బిడ్డకు ఆ ఫ్యాక్టరీలో ఏ స్థాయి పని దొరికిందన్నది నాకు ముఖ్యమైన ఎత్తు. గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు ఇచ్చాం. కరవు సీమలో నీళ్లివ్వడం చిన్న విషయం కాదు. దానికి బదులుగా కాంపౌండు గోడ పక్కన కాపలా ఉద్యోగం, హౌస్‌కీపింగ్ ఉద్యోగం మాత్రమే మిగిలితే శాతం ఎంత నిండినా న్యాయం జరిగినట్టు కాదు. టూల్ రూము, నాణ్యత విభాగం, రోబోల నిర్వహణ, సూపర్‌వైజర్ కుర్చీ దాకా మనవాళ్లు చేరాలి.

2025లో జార్జియాలో కొరియా వాళ్లను అరెస్టు చేశారు కదా, దానికీ దీనికీ ఏం సంబంధం?

సెప్టెంబరు 4న ఎలబెల్‌లో హ్యుందాయ్, ఎల్‌జీ కలిసి కడుతున్న బ్యాటరీ ఫ్యాక్టరీ మీద అమెరికా వలస అధికారులు దాడి చేశారు. 475 మందిని పట్టుకున్నారు. అందులో 300 మందికి పైగా కొరియన్లు. ఎక్కువమంది యంత్రాలు బిగించడానికి వెళ్లినవాళ్లు. వాళ్లను వారం తర్వాత ప్రత్యేక విమానంలో సోల్‌కు తీసుకెళ్లారు.

మా ఉద్యోగాలు మా వాళ్లకే అన్న నినాదంతో ఫ్యాక్టరీని రప్పించుకున్న దేశం, ఆ ఫ్యాక్టరీని నిలబెట్టే నైపుణ్యం తన దగ్గర లేదన్న సంగతి పట్టించుకోలేదు. గొలుసులతో బంధించి తీసుకెళ్తున్న దృశ్యాలు కొరియాలో తీవ్రమైన ఆగ్రహం రేపాయి. సుంకాల భయంతో పెట్టుబడి పెట్టిన చోటే తమ ఇంజనీర్లకు ఆ అవమానం జరగడం అక్కడి ప్రజలను లోతుగా గాయపరిచింది.

విద్యుత్ కార్లు వస్తే ఈ లెక్కలు మారతాయా?

మారతాయి. విద్యుత్ కారులో ఇంజను, గేర్‌బాక్సు, సైలెన్సరు ఉండవు. వాటిని చేసే కార్మికుల అవసరం తగ్గుతుంది. కారు విలువలో పెద్ద భాగం బ్యాటరీది. బ్యాటరీ ఫ్యాక్టరీ ఎక్కడుంటే పని అక్కడుంటుంది. ఉల్సాన్ కొత్త ఫ్యాక్టరీ మీద 2 లక్షల కోట్ల వాన్‌లు పెడుతున్నారు. ఏడాదికి 2 లక్షల విద్యుత్ కార్లు చేయాలన్నది ప్రణాళిక. వయసు మళ్లిన వేలాది కార్మికులు రిటైరవుతున్న సమయం ఇది. ఖాళీ అయ్యే స్థానాలన్నీ నింపుతారా అన్నదే అక్కడి యూనియన్ల ముందున్న అసలు పేచీ.

ప్రభుత్వాలు ఏమైనా చెయ్యగలవా?

సుంకం ఒక్కటే సాధనం కాదు. 2020లో అమల్లోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడాల ఒప్పందంలో నాకు నచ్చిన నిబంధన ఒకటుంది. సుంకం లేకుండా అమ్మాలంటే కారు విలువలో 40 నుంచి 45 శాతం, గంటకు కనీసం 16 డాలర్ల సగటు కూలి ఇచ్చే చోట తయారు కావాలి. అమలులో లోపాలున్నా, కూలి తక్కువ కాబట్టి అక్కడికి పోదామన్న ఆలోచనను నేరుగా తాకే నిబంధన అది.

మన దగ్గర 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక నియమావళి ప్రకారం 300 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కార్మికులున్న ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. పాత కేంద్ర చట్టంలో ఈ హద్దు 100. అంటే 100 నుంచి 299 మంది దాకా ఉన్న అనుబంధ పరిశ్రమల కార్మికులకు ఆ రక్షణ పోయింది. కార్ల రంగంలో అలాంటి చిన్న కంపెనీలే ఎక్కువ. మన ఎమ్మెల్యేలను, ఎంపీలను అడగాల్సిన విషయం ఇది.

మా అబ్బాయి ఐటీఐ చేశాడు, కార్ల ఫ్యాక్టరీలో చేరాలనుకుంటున్నాడు. ఏం చూసుకోవాలి?

ముందు నియామక పత్రం మీద ఏ కంపెనీ పేరుందో చూడండి. గేటు మీద ఒక పేరు, కాగితం మీద మరో పేరు ఉంటే అతను కాంట్రాక్టరు మనిషి. కొత్త నియమావళి ప్రకారం నియామక పత్రం ప్రతి ఉద్యోగికీ ఇచ్చి తీరాలి, అడగడానికి మొహమాటపడొద్దు. అప్రెంటిస్‌గా చేరితే అది శిక్షణ మాత్రమే, ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న హామీ చట్టంలో లేదు. కాబట్టి ఆ ఏడాదిలో ఏ యంత్రం మీద పని నేర్పుతారో ముందే అడగండి. మొదటి నెల జీతం పడిన కొన్ని వారాలకు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి కంపెనీ వాటా జమైందో లేదో చూసుకోమనండి. నిర్ణీత కాలానికి తీసుకుంటే, ఏడాది పూర్తయ్యాక గ్రాట్యుటీకి అర్హత వస్తుంది. పదకొండో నెలలో మాన్పించి మళ్లీ చేర్చుకుంటామంటే ఆ తేదీలున్న కాగితాలన్నీ దాచిపెట్టమనండి. ఫిట్టరు, ఎలక్ట్రీషియను కోర్సులతోపాటు పీఎల్‌సీ (ఫ్యాక్టరీ యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటరు), రోబో నిర్వహణ నేర్చుకుంటే అతని పని ఒక్క కంపెనీకి కట్టుబడి ఉండదు. పెనుకొండలో కుదరకపోతే హోసూరులోనో శ్రీసిటీలోనో అడుగుతారు.